దంపతులకు ఒకే విస్తరి

గురజాల తాలూకాలో అన్యోన్య దాంపత్యమంటే శ్రీమన్నారాయణగారిదేనని అందరికీ తెలిసిన సంగతే. మిరపచేల మధ్య పుట్టి కూడా ఆయన కారం ముట్టరు. భార్య బసవమ్మా ముట్టదు. ఆయనకు చప్పటి పెసరపప్పు ప్రాణం. ఆవిడా రోజూ అదే తింటుంది. ఇంతటి ఐకమత్యం జిల్లా బోర్డులో కూడా లేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన భోంచేసి లేవగానే ఆవిడ అదే విస్తరి ముందు కూర్చునేది గనుక, ఈ ఐకమత్యానికి వేరే ప్రయత్నమేదీ అవసరపడలేదు.

అటువంటి ఇంటి పిల్ల ఇందిర, మొగుడితో తగవుపడి పుట్టింటికి రావడంతో ఆయనకు తల కొట్టేసినట్లయింది. నరసరావుపేట అల్లుడు పుల్లారావుకు పప్పులో కూడా బెల్లం పడాలి. మాచర్లలో అమ్మమ్మ చేతి ముద్దలు తిని పెరిగిన ఇందిరకు గొడ్డుకారం కావాలి. రెండు కూరలు వండుకోనిస్తే తప్ప కాపురానికి వెళ్లనంది. ఈ పిల్లకు ఎవరి పోలిక వచ్చిందో శ్రీమన్నారాయణగారికి ఎంతకీ అంతుబట్టలేదు.

ఆదర్శాన్ని కళ్లారా చూపిస్తే గాని కాపురం నిలబడదని నిశ్చయించి, ఆయన భార్యనూ కూతురినీ అల్లుడినీ నరసరావుపేటలో కోర్టు దగ్గరి భోజన హోటలుకు తీసుకెళ్లారు. కుటుంబాలకని తెర కట్టిన గదిలో కూర్చుని, "మా ఇద్దరికీ ఒక్క విస్తరి చాలు. నా తరవాత మా ఆవిడ తింటది" అని సెలవిచ్చారు.

"ఎంగిలాకులో వడ్డించమండీ. మనిషికో ఆకు" అన్నాడు హోటలాయన.

ఆ విధంగా, పెళ్లయ్యాక మొదటిసారి, బసవమ్మ ముందు ఎవరూ తినని ఆకు పడింది.

శ్రీమన్నారాయణగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, అల్లుడుగారూ! దాంపత్యమంటే ఇద్దరికీ ఒకే రుచి ఉండటం. మీ అమ్మను చూడండి. నాకేది ఇష్టమో దానికీ అదే ఇష్టం. ఏనాడన్నా ఇది కావాలని నోరు తెరిచి అడిగిందా?"

"నాయనా, ఆ గోంగూర ఇంకాస్త ఎయ్యి" అంది బసవమ్మ వడ్డించే మనిషితో. "పచ్చిమిరపకాయ కూడా పట్రా. పప్పు నాకొద్దు."

కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆవిడ ఆగలేదు. శ్రీమన్నారాయణగారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు నిజంగానే బాధేసింది. ఎవరో తెలియని మనిషి పక్కన కూర్చున్నట్లనిపించింది.

"నీకు కారం ఇష్టమా? ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేందే?"

"మీరెప్పుడన్నా అడిగారా? మీరు వదిలిందే గదా నేను తినేది. మీ ఇస్తట్లో కారం యాడ మిగులుద్ది?"

ఇందిర తను ఇంకా ముట్టని గోంగూర తీసి తల్లి ఆకులో వేసింది.

పుల్లారావు ముఖం మాత్రం వికసించింది. "మావయ్యగారూ, ఇవాళ మీ దయవల్ల కిటుకు తెలిసింది. రెండు కూరల గొడవెందుకు? మా ఇంట్లోనూ ఇకనుంచి ఒక్క విస్తరే!"

"సరే, ఇప్పుడే బయల్దేరదాం" అంది ఇందిర. "కాకపోతే నేను ముందు తింటా."

అల్లుడు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఊరి పెద్దలు మాత్రం చర్చించి, తప్పంతా హోటలుదేనని తేల్చారు. మా ఇంట్లో ఇలాంటి పేచీలు లేవు, మా రుచులు కలిశాయి అంటారా? చానా సంతోషం. ఆ మాట ముందు తిన్నవారు చెబుతున్నారా, తరవాత తిన్నవారా?