నాయనమ్మ పళ్లు, అధ్యక్షులవారి కెమెరా

“కెమెరా కొనుగోలు అనేది వ్యక్తిగత వ్యవహారం కాదు, అది కళామతల్లి పట్ల బాధ్యత!” అని శంషాబాద్ ఛాయాచిత్ర కళాసమితి అధ్యక్షులు మల్లేశ్వర్ గారు ప్రకటించారు. ఆయన వరండాలో ఎదురుగా కూర్చున్నది సంతోషి, ఆమె నాయనమ్మ జంగమ్మ మాత్రమే. అయినా లేచి నిలబడి, గొంతు సవరించుకుని మరీ ప్రకటించారు.

సంతోషికి కళామతల్లి గొడవ పట్టలేదు. రేపు దవాఖానలో జంగమ్మకు మిగిలిన పళ్లన్నీ పీకేస్తారు. ఈలోగా ఆ సొంత పళ్లతో ఆమె నవ్వుతున్న ఫోటో ఒకటి కావాలి. ముసలమ్మకున్న ఫోటో ఆధార్ కార్డులోది ఒక్కటే. అందులో ఎవరి కోడినో ఎత్తుకొచ్చి పట్టుబడినట్టు ఉంటుంది పాపం.

అందుకే షాద్‌నగర్‌లో పెళ్లి ఫోటోలు తీసే రాములు దగ్గర ఒక చిన్న పాత కెమెరా చూసింది. వాడి చూడు, నచ్చితే తీసుకో అని అతను ఇచ్చి పంపాడు. కొనేముందు తెలిసినవాళ్లను ఒక మాట అడుగుదామనుకోవడమే సంతోషి చేసిన పొరపాటు.

అధ్యక్షులవారు దాన్ని చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తారు. ఇది బొమ్మ అన్నారు. దీంతో తీస్తే వెలుతురు నొచ్చుకుంటుందన్నారు. ఆరు నెలలు వెలుతురును అధ్యయనం చేసి, ఆపైన తమలాగా మూరెడు లెన్సున్నది కొనమన్నారు. తాము రోజూ తెల్లారకముందే ఎయిర్‌పోర్టు రోడ్డుకు వెళ్లి విమానాలను తీస్తారట. ఆ ఫోటోల్లో పైలట్ మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చట! సంతోషికి సిగ్గేసి చిన్న కెమెరాను కొంగు కింద దాచుకుంది.

కానీ దవాఖాన ఆరు నెలలు ఆగదు కదా. ధైర్యం చేసి అడిగేసింది.

“మల్లేశన్నా, గట్లయితే నీ కెమెరాతోనే జర ఒక్క ఫోటో తియ్యరాదన్నా.”

అధ్యక్షులవారు మబ్బు చూశారు, గాలి చూశారు, ఇవాళ ప్రకృతి కళకు అనుకూలంగా లేదన్నారు. ఇంతలో ఆయన భార్య స్వర్ణలత, మంచి మనిషి, బీరువాలోంచి కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇక తప్పలేదు. మెడలో వేసుకుని, ఒక కన్ను మూసి, గురిపెట్టారు. ఎంతసేపు చూసినా చీకటే! మూత తియ్యలేదని జంగమ్మే చెప్పాల్సి వచ్చింది. మూత తీశారు.

లెన్సు అద్దం నడిమధ్యన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

“దసరాకు ఆయుధపూజల నేను పెట్టిన బొట్టే ఇది. జర గూడ చెదరలేదు సూడు,” అని స్వర్ణలత మురిసిపోయింది. దసరా మాట దేవుడెరుగు, అప్పటికి ఉగాది కూడా వెళ్లిపోయింది.

జంగమ్మ మొదట కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. కడుపు పట్టుకుని, ఉన్న పళ్లూ లేని పళ్లూ అన్నీ కనబడేలా విరగబడి నవ్వింది. సంతోషి కొంగు కింది బొమ్మను బయటికి లాగి నొక్కేసింది. ఫోటో చూసుకుని ఎంత సంబరపడిందో! కెమెరా ఇక తిరిగి రాదని అక్కడి నుంచే రాములుకు ఫోన్ చేసి చెప్పింది. స్వర్ణలత ముచ్చటపడి అడిగితే, ఇంటికెళ్లి ఫోన్లోకి ఎక్కించి ఆమెకూ ఒక కాపీ పంపింది.

సాయంత్రానికి ఆ ఫోటో కళాసమితి వాట్సాప్ గ్రూపులో వెలిసింది. కింద ‘ఛాయాచిత్రం: మల్లేశ్వర్, అధ్యక్షులు’ అని ఉంది. ఎవరో పంపితే చూసిన సంతోషికి ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే పోయి కడిగేస్తానని చెప్పులేసుకుంది.

జంగమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పోనీ తియ్యి బిడ్డా. ఫోటో తీసింది నువ్వే. గని నన్ను గంతగనం నవ్వించింది ఆయనే గద.”