మామగారి వేడినీళ్ళకు గ్యారంటీ

ఆ ఉదయం మామగారు పెట్టుకున్న పని ఒక్కటే, స్నానం. అల్లుడికి అంతకంటే పెద్ద పనుంది: చివరి గది నిలబెట్టుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచి అత్తవారింట ఆ గదిలోనే కూర్చుని, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము ఎంత వంకర గీతనైనా దాదాపు అచ్చు దించేస్తుందనే సిద్ధాంతం మీద పరిశోధన చేస్తున్నాడు. చేస్తూనే ఉన్నాడు.

"ఇంటికి పనికొచ్చేది ఒక్కటి చేసి చూపించండి. లేదా గది ఖాళీ చెయ్యండి," అని మామగారు వారం కిందటే తేల్చేశారు.

దాంతో అల్లుడు హీటర్‌కు నెట్‌వర్క్ తగిలించాడు. ఎంత చలికి ఎంత వేడి కావాలో అదే చూసుకుంటుందట.

"పనిచేస్తుందా బాబూ?" అంది అత్తగారు.

"రుజువైపోయింది అత్తయ్యా. తగినన్ని న్యూరాన్లు, అంటే దాని లెక్కల కణాలు, పెడితే పనిచేసే నెట్‌వర్క్ ఉండి తీరుతుంది."

"తగినన్ని అంటే ఎన్ని?"

"అది సిద్ధాంతం చెప్పదు."

పెద్ద చదువుల వాళ్ళకు ఇదొక జబ్బు. ఎక్కడో ఉందని తేలితే చాలు, చేతికొచ్చినట్టే లెక్క.

స్నానాల గదిలోంచి కేక వినబడింది. "అల్లుడుగారూ, మంచుగడ్డలు పోసుకున్నట్టుంది."

అల్లుడు న్యూరాన్లు పెంచాడు.

"ఇప్పుడు వీపు తోలు ఊడొస్తోంది."

మళ్ళీ పెంచాడు. రోగం ఏదైనా అతని దగ్గర మందు అదొక్కటే. తన కంప్యూటర్ చాలక భార్యది తెచ్చాడు. అదీ చాలక మామగారి ఆఫీసుది కూడా కలిపాడు.

"ఇక వదిలెయ్యండి. నాన్న కళ్ళ నిండా సబ్బు," అని భార్య బతిమాలింది.

"నిన్నటిదాకా నా పరీక్షల్లో భేషుగ్గా పనిచేసిందే. ఇంత చలి దానికి నేర్పలేదు. నేర్పని చోట సిద్ధాంతం పూచీ పడదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే గది ఉంటుందా?"

మూడు కంప్యూటర్లూ హీటరూ కలిసి లాగేసరికి అపార్ట్‌మెంటు మెయిన్ ఫ్యూజు ఠప్పున పోయింది. భవనమంతా కరెంటు లేదు. పంపు ఆగింది. అన్ని అంతస్తుల్లోంచీ సబ్బు మొహాలు తువాళ్ళు చుట్టుకుని మెట్ల మీదికి వచ్చాయి. వాటి మధ్యలోంచి మామగారు నెమ్మదిగా నడిచొచ్చారు.

"నాకు సరిపడా నీళ్ళిచ్చే నెట్‌వర్క్ ఉందంటారు."

"కచ్చితంగా ఉంది మామయ్యా. వెతకడానికి కాస్త టైమిస్తే..."

"అయితే నేనూ ఒక గ్యారంటీ ఇస్తున్నా. మీకు సరిగ్గా సరిపోయే గది ఈ ఊళ్ళో ఉంది. ఉండి తీరుతుంది."

"ఎక్కడ మామయ్యా?"

"అది సిద్ధాంతం చెప్పదు."

అల్లుడు భార్య వైపు చూశాడు. "దొరికాక కబురు పెట్టండి, వస్తాను," అందామె.

వంటింట్లో అత్తగారు స్టవ్వు మీద పెట్టిన నీళ్ళు ఏ రుజువూ లేకుండానే కాగాయి.