కొంచెం రిపేరు

టీ తాగగానే మేనేజరు గదిలోకి వెళ్లి, గది పైకప్పు కారుతున్న సంగతి ఇంగ్లీషులో, అదీ మర్యాదగా, చెప్పేయాలని బైండింగు మేస్త్రి ఆ పొద్దున్నే తీర్మానించుకున్నాడు. బైండింగు గది కప్పుకు మూడు చిల్లులున్నాయి. వాటి కిందే లైబ్రరీ వాళ్ల ఎనభై నిఘంటువులు, తోలు అట్టలతో, బంగారు అక్షరాలతో శుక్రవారానికి తయారవ్వాలి. వేరే గదుల్లో అడుగు పెట్టే చోటు లేదు. ముప్పై ఏళ్లలో మేస్త్రి కుట్టిన పుస్తకం ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడు నాలుగు చుక్కలు పడితే ఆ పేరు కాస్తా నీళ్లపాలే. పాత మేనేజరైతే "కొంచెం చూడండి సార్" అంటే సరిపోయేది. కొత్తాయనకు తెలుగు రాదు.

"'రిపేర్ ద రూఫ్' అంటే హుకుం జారీ చేసినట్టుంటుంది నాన్నా. ముందు ప్లీజ్ పెట్టు" అని కాలేజీలో చదివే కూతురు చెప్పింది.

ఒట్టి ప్లీజ్ చాలదనిపించింది మేస్త్రికి. మన మర్యాదంతా 'కొంచెం'లోనే ఉంది. కొంచెం మంచినీళ్లివ్వండి అంటే ఎవరైనా గ్లాసు నిండా ఇస్తారు గాని, అడుగున రెండు చుక్కలు పోసి చేతిలో పెట్టరు కదా! అందుకని ఆ 'కొంచెం'ని కూడా చేర్చి, మేనేజరు ముందు చేతులు కట్టుకుని, "ప్లీజ్ రిపేర్ ద రూఫ్ ఎ లిటిల్ సార్" అన్నాడు.

మేనేజరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఓన్లీ ఎ లిటిల్?"

"యస్ సార్. లిటిల్, లిటిల్" అన్నాడు మేస్త్రి, మర్యాదను రెండింతలు చేస్తూ.

మధ్యాహ్నం తాపీ పనివాడు వచ్చి, ఒక చిల్లు పూడ్చి, నిచ్చెన దిగిపోయాడు.

"మిగతా రెండూ ఎవరు పూడుస్తారయ్యా?"

"కొంచెమే చేయమన్నారండీ. మీరే అడిగారట కదా!"

మేస్త్రికి ఒళ్లు మండింది. మూడు దారుల్లో వచ్చే నీళ్లు ఇప్పుడు రెండు దారుల్లోనే జోరుగా దిగుతున్నాయి. పోనీ, నలుగురు పడితే గాని కదలని తన బల్లనైనా జరిపించమని, "ప్లీజ్ షిఫ్ట్ మై టేబుల్ ఎ లిటిల్" అని అడిగాడు. నలుగురు వచ్చి, బల్లను జానెడు జరిపి, చేతులు దులుపుకుని వెళ్లారు. అంతవరకు బల్ల అంచున పడే ధార ఇప్పుడు సరిగ్గా జిగురు గిన్నెలో పడసాగింది. మూడోసారి, "ప్లీజ్ కమ్ అండ్ సీ ఎ లిటిల్" అని బతిమాలాడు. మేనేజరు వచ్చాడు. తలుపు ఓరగా తీసి, ఒంటికన్నుతో లోపలికి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

"ముప్పై ఏళ్ల సర్వీసు నాది! నన్ను వెక్కిరిస్తాడా?" అంటూ మేస్త్రి ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు. సంగతంతా విని కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎ లిటిల్ అంటే కొలత నాన్నా, మర్యాద కాదు. 'కుడ్ యూ' అనాలి."

"కుడ్ అంటే అయిపోయిన పనికి కదే! చేయని పనిని చేసేసినట్టు అడగడం మర్యాదేమిటి? అసలు అదొక భాషేనా?"

ఇక ఆ భాషలో ఎవరినీ ఏదీ అడగనని మేస్త్రి ఒట్టు పెట్టుకున్నాడు.

శుక్రవారం వాన దంచికొట్టింది. ఉన్న ఒక్క టార్పాలిన్‌నూ పుస్తకాల మీద కప్పి, తాను గొడుగు వేసుకుని మేస్త్రి కాపలా నిలబడ్డాడు. అంతలో పుస్తకాలు చూసుకుందామని మేనేజరు వచ్చాడు. చంకలో తెలుగు నేర్చుకునే పుస్తకం ఉంది. వచ్చి సరిగ్గా పెద్ద చిల్లు కింద ఆగాడు. ధార కాలర్లోంచి వీపు మీదికి దిగింది.

"మేస్త్రి గారూ... కొంచెం... గొడుగు పట్టండి" అన్నాడు కూడబలుక్కుని.

ఎంత చక్కని తెలుగు! ఎంత మర్యాద! మేస్త్రికి అర్థం కాక కాదు. వారం రోజుల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. గొడుగు ముప్పాతిక వంతు ముడిచి, మేనేజరు ఎడమ చెవి మీద పట్టాడు.

"ఇది... ఏమిటి?"

"కొంచెమే కదా సార్ అడిగారు!"

మేనేజరు నిలువునా తడుస్తూ పూడ్చిన చిల్లును చూశాడు, జానెడు జరిగిన బల్లను చూశాడు, తలుపు వైపు చూశాడు. తనలో తాను "కొంచెం... లిటిల్..." అని గొణుక్కున్నాడు. ముఖం ఎర్రబడింది. మరుక్షణం మనుషుల్ని కేకేసి నిఘంటువులన్నీ తన గదిలోకి మోయించాడు. సాయంత్రానికి ఎనభై పుస్తకాలూ పొడిపొడిగా లైబ్రరీకి చేరాయి. ఆదివారం లోపల కప్పు మొత్తం బాగుపడింది.

సోమవారం బల్ల మీద ఒక చీటీ ఉంది. వంకర టింకర తెలుగులో, "కొంచెం క్షమించండి" అని రాసి ఉంది.

మేస్త్రి కొంచెమే క్షమించాడు.