కుందేలు ఫీజు

పొద్దున్నే మిరప మడిలో కలుపు తీసేసి, ఎండెక్కకముందే ఇంటికొచ్చి గంజి కాచుకోవాలని పాన్ అవ్వ అనుకుంది. అనుకున్నట్టే కలుపు తీసి, గంపకెత్తుకుని వస్తుంటే పక్కింటి కోడలు తాన్ ఎదురైంది. గంపలోకి చూసి గుండెలు బాదుకుంది.

"అవ్వా! ఇదంతా మిరప నారు గదా! కలుపుని మడిలోనే వదిలేసొచ్చావా?"

అవ్వ ఒక మొక్కను ముక్కు దాకా తెచ్చుకుని వాసన చూసింది. రెండేళ్లుగా ఆమె కళ్లలో పొగమంచు కమ్ముకుంటోంది. చైనాలోని ఆ గ్వీఝౌ కొండల్లో పొగమంచు వింతేమీ కాదు గనక ఆమె పట్టించుకోలేదు. కానీ ఒంటరి మనిషికి ఏడాదంతా అన్నంలోకి ఆ మిరపే ఆధారం. ఆమెకు మొదటిసారి భయం వేసింది.

"కళ్ల గురించి టోఫు కొట్టు గోడకి ఏదో కాయితం అంటించారంట. పోయి లువో మామని అడుగు," అంది తాన్.

చదువుకున్నవాళ్లంతా ఫ్యాక్టరీలకు వెళ్లిపోయాక ఆ ఊళ్లో చదువంటే లువోదే. చిన్నప్పుడు రెండు చలికాలాలు బడిలో కూర్చున్నాడు. తెలిసిన అక్షరాలు చదివేవాడు, తెలియనివి ఊహించేవాడు, రెంటికీ గొంతు మాత్రం ఒకటే.

"సర్కారు డాక్టర్లు వస్తున్నారు. ముసలాళ్ల కళ్లలో తెల్లపొర తీస్తారంట," అన్నాడు లువో. "ఇదిగో, ఇక్కడ రాశారు. కుందేలు ఫీజు."

"కుందేలా?"

"నన్నడుగుతావేం? సర్కారునడుగు."

సర్కారును అడగడం ఆ ఊళ్లో ఎవరికీ అలవాటు లేదు. వెనకటికి ఎలుకల తోకలు కోసి అప్పజెప్పమంటే అప్పజెప్పారు. దాని పక్కన కుందేలు చాలా మర్యాదైన కోరిక.

సాయంత్రానికి సందేహాలు పుట్టాయి. మనిషికొకటా, కంటికొకటా? లువో మళ్లీ కాగితం దాకా వెళ్లొచ్చి "కంటికొకటి" అన్నాడు. ఏ రంగుది? 'తెల్ల' అన్న అక్షరం అతనికి కనబడనే కనబడింది. పొర గురించి రాసిన మాటను పట్టుకెళ్లి కుందేలుకు అతికించాడు. దాంతో తెల్ల కుందేళ్లకు పక్క ఊళ్లో కూడా కరువొచ్చింది.

పాన్ అవ్వ గుడ్లు పెట్టే తన రెండు కోళ్లనూ ఇచ్చేసి రెండు కుందేళ్లు తీసుకుంది.

"తెల్లవేనా నాయనా?" అని తడుముతూ అడిగింది.

"పాలల్లే ఉన్నాయవ్వా," అన్నాడు అమ్మినవాడు.

బూడిదరంగువని తాన్ చూసి చెప్పింది. జాలిపడి తనే బియ్యప్పిండి తెచ్చి వాటికి పూసింది.

డాక్టర్ల బస్సు వచ్చిన రోజున ఊళ్లోని ముసలివాళ్లంతా బడి ముందు గంపలతో బారులు తీరారు. పిండి ఆలోచన తాన్ ఒక్కతెకే రాలేదని అప్పుడు తెలిసింది. సగం కుందేళ్లు తుమ్ముతున్నాయి.

"ఇవేంటి?" అంది బస్సు దిగిన షెన్ డాక్టరమ్మ.

"ఫీజండీ," అన్నాడు లువో ముందుకొచ్చి. "కంటికొకటి. లెక్క చూసుకోండి."

అతని మాట పూర్తయ్యేలోపే పాన్ అవ్వ గంప మూత జారింది. ఒక కుందేలు తెరిచున్న తలుపులోంచి బస్సెక్కి, ఆపరేషన్ బల్ల మీదా పరికరాల మీదా పిండి దులుపుకుంటూ తిరిగింది. నర్సు దాన్ని పట్టుకుని దించేసరికి లోపలంతా బొచ్చే.

"కళ్లు కోసే చోట బొచ్చా! ఇక ఇవాళ ఒక్క ఆపరేషనూ చెయ్యలేను. రేపు మేం వేరే ఊళ్లో ఉండాలి," అంది డాక్టరమ్మ. "అసలు కుందేళ్లు తెమ్మని ఎవరన్నారు?"

లువో తన అరచేతిలో వేలితో ఆ అక్షరం గీసి చూపించాడు. డాక్టరమ్మ ఆ చేతిని పట్టుకుని, అదే అక్షరం గీసి, చివరి చుక్క పెట్టకుండా ఆపేసింది.

"ఇది 'మాఫీ' తాతా. ఫీజు మాఫీ అని రాశాం. చుక్క పెడితే కుందేలవుతుంది. ఆ చుక్క ఏ ఈగ పెట్టిందో!"

ఊరంతా లువో వైపు తిరిగింది. అతను ఆ చేతిని జేబులో దాచుకున్నాడు.

"వాణ్ణేం అనకండి," అంది పాన్ అవ్వ. "మీరు గోడకి కాయితం అంటించి పోయారు. ఒక్కరైనా మాకు నోటితో చెప్పారా? ఆ గోడకీ మాకూ మధ్య ఉన్నది వీడొక్కడే. మిరప పోయింది, కోళ్లు పోయాయి. కళ్లూ పోవాల్సిందేనా తల్లీ?"

"రేపటి ఊరివాళ్లు ఎదురుచూస్తుంటారవ్వా," అంది డాక్టరమ్మ.

"ఎవరు మేడం?" అంది నర్సు. "దాటొచ్చిన ఊళ్లలో ఒక్కరైనా వచ్చారా? నిన్నంతా ఖాళీ బడిలో కూర్చున్నాం."

"అదే అర్థం కావడం లేదు," అంది డాక్టరమ్మ. " అక్కడ కాగితాలు సరిగ్గానే చదివారే!"

తాన్ నవ్వింది. "సరిగ్గా చదివారు గనకే రాలేదమ్మా. మా పుట్టిల్లు అటే. పోయినేడు మందులమ్మేవాళ్లు గుడ్లు ఉచితమని పిలిచి, ముసలాళ్ల దగ్గరున్నదంతా ఊడ్చుకుపోయారు. ఉచితమంటే ఇప్పుడు తలుపులేసుకుంటున్నారు."

డాక్టరమ్మ ఆ గంపల బారును చూసి, "రేపూ ఇక్కడే ఉందాం," అంది నర్సుతో. బస్సు ఆ ఊళ్లోనే ఆగిపోయింది. దాన్ని కడగడానికి ఊరంతా నీళ్లు మోసింది, అందరికన్నా ఎక్కువ లువో మోశాడు. మర్నాడు వరసగా ఆపరేషన్లు జరిగాయి.

కట్టు విప్పాక పాన్ అవ్వ ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత డాక్టరమ్మను చూసి "ఇంత చిన్నపిల్లవా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడవకూడదవ్వా," అంది డాక్టరమ్మ. "పాపం, ఉచితమని ముందే తెలిస్తే నీ కోళ్లు మిగిలేవి."

"కోళ్లు మిగిలేవి, కళ్లు మిగిలేవి కావు," అంది పాన్ అవ్వ. "ఉచితమంటే నేను మాత్రం ఎందుకొస్తాను?"