విచారణకు బిక్షపతి హాజరు

పౌరుల హక్కులకు కరోనా సోకకుండా కాపాడే బాధ్యతను ప్రభుత్వమే తీసుకున్నదనీ, ప్రస్తుతానికి వాటన్నిటినీ భద్రమైన చోట దాచి ఉంచిందనీ, రెండువేల ఇరవై మే నెలలో ఒక సోమవారం పొద్దున మా పర్వత్ పాటియా గల్లీలో ఆటో మైకు ప్రకటించింది. నేనప్పుడు పప్పుకు పోపు పెడుతున్నాను. ఇంత మంచి వార్త విని చాలా రోజులైంది కాబట్టి స్టవ్ ఆపి కిటికీ దగ్గరికి వచ్చాను.

ఆటోలో మా ఏరియా కరోనా నోడల్ ఆఫీసర్ గారు, పక్కన బొజ్జ మీద మైకు ఆనించుకుని లింగమూర్తి. లింగమూర్తి మా గల్లీ పార్టీ కార్యకర్త. ఆఫీసర్ గారి హిందీని, బతుకుదెరువుకు రాష్ట్రం దాటి ఇంత దూరం వచ్చిన మా తెలంగాణ వాళ్ళకు తెలుగులో అందించే బరువు కూడా పాపం ఆయనే మోస్తున్నాడు.

"ఒకటో ఆర్డర్! ఎవ్వలు ఇల్లు దాటొద్దు. రెండో ఆర్డర్! నలుగురికన్న ఎక్కువ ఒక్కకాడ ఉండొద్దు. ఉంటె కేసే!"

రెండూ మంచి ఆర్డర్లే. విడివిడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. చిక్కంతా మా ఎదురింటి మేడమీది గదితో వచ్చింది.

ఆ గదిలో పన్నెండుమంది మగ్గాల కార్మికులు ఉంటారు. ఆరుగురిది పగటి పాళీ, ఆరుగురిది రాత్రి పాళీ. వీళ్ళు లేచి పనికి వెళ్ళగానే వాళ్ళు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. చాపలకు మాత్రం సెలవు లేదు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగేసరికి పన్నెండుమందీ ఒకేసారి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఆరేళ్ళుగా తన దిండు మీదే పడుకుంటున్న మనిషిని వాళ్ళలో ఒకడైన బిక్షపతి తొలిసారి మెలకువగా చూసి, పేరడిగి నమస్తే పెట్టాడట.

ఆఫీసర్ గారు స్వయంగా మెట్లెక్కి లెక్కపెట్టారు. ఎనిమిదిమంది ఎక్కువయ్యారు. వాళ్ళను కిందికి దింపారు. గల్లీలో కాలు పెట్టారో లేదో లింగమూర్తి అరిచాడు. "ఇల్లు దాటిండ్రు! ఒకటో ఆర్డర్!" వాళ్ళు పైకి ఎక్కారు. "పన్నెండుమందైండ్రు! రెండో ఆర్డర్!" మళ్ళీ కిందికి. ఇలా మూడుసార్లు జరిగింది. ప్రభుత్వ యంత్రాంగం ఇంత చురుగ్గా కదలడం నేను ఎన్నడూ చూడలేదు.

నాలుగోసారి బిక్షపతి మెట్ల మధ్యలో ఆగిపోయాడు.

"సార్, మేం ఎనిమిదిమందిమి ఏడ ఉండాల్నో జర కాగితం మీద రాసియ్యుండ్రి. ఆడనే ఉంటం."

లింగమూర్తి దీన్ని హిందీలోకి మార్చాడు. మారేటప్పటికి అది, 'వీడు సర్కారును లిఖితపూర్వకంగా నిలదీస్తున్నాడు' అయింది.

ఆఫీసర్ గారు కోప్పడలేదు. కాగితం చేతులు మారితే వైరస్ వ్యాపిస్తుందనీ, ఈ సమయంలో కాగితం అడిగేవాడు వైరస్‌ను అడిగినట్టేననీ శాంతంగా వివరించారు. బిక్షపతిని కానిస్టేబుల్ వెంట స్కూల్లో పెట్టిన క్వారంటైన్ సెంటర్‌కు పంపారు.

సాయంత్రం ఆ గదిలో అందరికంటే పెద్దవాడు వెంకటయ్య మా గడపకు ఆరడుగుల దూరంలో వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. గురువారం ఊరికి పోయే రైలు లిస్టుల బిక్షపతి పేరొచ్చింది. ఆడపిల్ల పుట్టి నెల దాటింది, వాడింకా మొకం సూడలె. ఈ రైలు పోతె మల్లెప్పుడో."

నేను రాజనీతిశాస్త్రంలో బీఏ. పందొమ్మిదేళ్ళుగా ఆ డిగ్రీతో ఎవరికీ పని పడలేదు. మంగళవారం పాలకు వెళ్తున్నట్టు సంచి పట్టుకుని స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాను. ఆఫీసర్ గారు మర్యాదస్తులు, కూర్చోమన్నారు. కుర్చీ లేదు.

"బిక్షపతిని అరెస్టు చేశారా సార్?"

"అరెస్టా? ఛ! నేరం చేయనివాణ్ణి ఎందుకు అరెస్టు చేస్తాం?"

"అయితే వెళ్ళిపోవచ్చా?"

"వెళ్ళకూడదు."

"జబ్బేమైనా ఉందా?"

"లేదు. రిపోర్టు నెగెటివ్. చాలా ఆరోగ్యవంతుడు."

"మరి ఏమిటి సార్ ఇది?"

"సంరక్షణ."

"అరెస్టైతే ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి కదా..."

"అందుకే చేయలేదమ్మా! ఎక్కడా రాయలేదు కూడా. రిజిస్టర్‌లో పేరెక్కితే పేదవాడికి జీవితాంతం మచ్చ."

ఆ దయకు చేతులు జోడించాను. ఆపైన, మనిషి మాట వినకుండా నిర్బంధించడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమని పరీక్షలో రాసినట్టు అప్పజెప్పాను. ఆఫీసర్ గారి కళ్ళు మెరిశాయి. పైవాళ్ళకు ఇలాంటి మాటలు చాలా ఇష్టమట.

"విచారణ పెడదాం! వీడియో కూడా తీయిద్దాం!"

"రేపే పెట్టండి సార్."

"అలా ఎలా? మూడు రోజుల నోటీసు ఇవ్వాలి. శనివారం."

"గురువారం అతని రైలు సార్."

"రైలు కోసం చట్టాన్ని ఉల్లంఘించమంటారా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

గేటు దాకా సాగనంపుతూ లింగమూర్తి అన్నాడు. "రూలు కావాలంటివి, ఇచ్చినం. ఇప్పుడు రూలు వద్దంటె ఎట్ల వదినె?"

గురువారం రైలు టైముకే వెళ్ళింది. వెంకటయ్య ఆ రోజంతా మేడ దిగలేదు.

శనివారం విచారణకు సకల సన్నాహాలూ చేశారు. తరగతి గదిలో ఆరడుగులకొక కుర్చీ, మధ్యలో శానిటైజర్. ఆఫీసర్ గారు, కానిస్టేబుల్, వీడియో తీసేవాడు, అనువాదానికి లింగమూర్తి. తలుపు దగ్గర నన్ను ఆపేశారు.

"బిక్షపతి ఏడి?" అన్నాను.

"ఆయనొస్తె ఐదుగురైతరు వదినె," అన్నాడు లింగమూర్తి. "రెండో ఆర్డర్ మేమే తప్పితె జనానికేం చెప్తం?"

"ఎవల మీద విచారణో ఆయన లేకుంట ఎట్ల నడుస్తది?"

"రికార్డుల ఉంటడు."

"నువ్వు బయటికి రా. ఆయన్ని లోపలికి పంపు. అప్పుడు నలుగురే."

లింగమూర్తి నన్ను జాలిగా చూశాడు. "నేనొస్తె ఆయన మాట సారుకు ఎవలు చెప్తరు?"

తలుపు మూశారు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆఫీసర్ గారు ప్రశ్నలు వేస్తున్నారు. లింగమూర్తి జవాబులు అనువదిస్తున్నాడు. ఒకచోట ఆగి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత నా చేతికి కాగితం వచ్చింది. దాని మీద శానిటైజర్ చల్లి మరీ ఇచ్చారు.

'బిక్షపతి స్వయంగా హాజరై, తన వాదన పూర్తిగా వినిపించి, పశ్చాత్తాపంతో కన్నీరు పెట్టుకున్నాడు. అతని కోరిక మేరకే సంరక్షణను మరో పద్నాలుగు రోజులు పొడిగించడమైనది.'

సాయంత్రం వెంకటయ్యకు అది చదివి వినిపిస్తుండగా నా ఫోన్ మోగింది. తెలియని నంబరు, వీడియో కాల్. ఎత్తితే బిక్షపతి.

"అక్కా, ఊరికొచ్చిన. దర్వాజ కాడ కూసున్న. పిల్లను దూరంకెల్లే సూడమంటుండ్రు. నా లెక్కనే ముక్కున్నది."

"ఏంది బిక్షపతీ! నువ్వు ఇస్కూల్ల లేవా?"

"బుధవారమే ఎల్లగొట్టిండ్రక్కా. అన్నం పెట్టేటాయన రిజిస్టర్ సదివిండు, నా పేరు లేదు. పేరు లేనోనివి ఈడెందుకున్నవ్, నడువు అని గేటు బయటికి నూకిండు. రూముకొస్తె లింగమూర్తి పట్టుకుంటడని సీదా టేషన్‌కు పోయిన. చార్జింగు లేక ఫోన్ చెయ్యలె."

వెంకటయ్య నా చేతిలోని కాగితాన్ని, ఫోన్లోని మనిషిని మార్చి మార్చి చూశాడు. "మరి ఏడ్చిందెవడు బిడ్డా?" అన్నాడు.

ఈ సంగతి ఆఫీసర్ గారికి చెప్పడం నా ధర్మమా అని రెండు రోజులు ఆలోచించాను. నలభై నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్న మనిషి గురించి ఆయనకు నేను చెప్పేదేముందని ఊరుకున్నాను.

సరిగ్గా పద్నాలుగు రోజులకు పేపర్లో ఫోటో వచ్చింది. స్కూలు గేటు, బ్యానర్, పూలగుత్తి అందిస్తున్న ఆఫీసర్ గారు. 'సంరక్షణ ముగించుకుని ఆనందబాష్పాలతో విడుదలవుతున్న కార్మికుడు బిక్షపతి' అని కింద రాశారు. బిక్షపతి మొహానికి కళ్ళ దాకా మాస్కు, నెత్తిన టోపీ, మెడలో దండ. చొక్కా గుండీలు పొట్ట మీద తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడూ ఆఫీసర్ గారి పక్కనే ఉండే లింగమూర్తి మాత్రం ఫోటోలో ఎక్కడా కనిపించలేదు.

ఫోటో తీసి ఊరికి పంపాను. అరగంటకు బిక్షపతి నుంచి జవాబు వచ్చింది.

"మంచిగొచ్చింది అక్కా. గని జర లావైన."