పడగ విప్పని పాము

"పడగ విప్పకపోతే అది నాగుపామని ఎవరికి తెలుస్తుంది?" అని జగన్నాథరావు మూడోసారి అడిగాడు.

"కప్పని మింగుతున్న పాము పడగెందుకు విప్పుతుందండీ? మూడు నెలలు మామిడితోట గట్టు మీద కూర్చుని చూశాను. మీరు ఒక్కరోజన్నా వచ్చారా?" అంది భార్య శివపార్వతి, కాఫీ గ్లాసు ఠక్కున పెడుతూ.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. తిరువూరు నుంచి విజయవాడ చిత్రకళా ప్రదర్శనకు ఆమె గీసిన బొమ్మ, కప్పని మింగుతున్న ఆ నాగుపాము, మొదటిసారి వెళ్తోంది. ఫ్రేములు కట్టే అబ్దుల్లా పదింటి బస్సులో తీసుకెళ్తానన్నాడు. ఆయిల్ రంగు ఇంకా పచ్చిగానే ఉందని, బొమ్మను వరండాలో ఎండకు నిలబెట్టి ఆమె తలస్నానానికి వెళ్లింది. ఆ రోజు నాగుల చవితి.

అత్తగారు నాగేశ్వరమ్మకు కళ్లలో పొరలు, మోకాళ్లలో నొప్పులు. పొలంలో పుట్టదాకా నడవలేనని పొద్దుటి నుంచీ దిగులుపడుతోంది. వరండాలోకి వస్తే ఎదురుగా పాము, పొలుసు పొలుసూ మెరుస్తూ.

"నేను నడవలేనని నా కోడలు స్వామిని గుమ్మంలోకే తెచ్చింది!" అని చెంబెడు పాలు పోసి, వీధి వీధంతా వినబడేలా పిలిచింది.

పక్కింటి మాణిక్యమ్మ కోడిగుడ్డు, చలిమిడి పట్టుకొచ్చింది. వెనకాలే ఇంకో అయిదుగురు.

"నోట్లో ఏంటొదినా అది?"

"ప్రసాదం అయ్యుంటుంది," అంటూ నాగేశ్వరమ్మ కప్పకి కూడా బొట్టు పెట్టింది.

"మరి పడగేదీ?"

జగన్నాథరావు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు లేచాడు. పసుపు ముద్దలో వేలు ముంచి, పాము తలకు రెండువైపులా చేటంత పడగ గీశాడు. "ఇప్పుడు కుదిరింది," అన్నాడు.

తడి జుట్టుతో వచ్చిన శివపార్వతి చూసింది.

"ఎవరు గీశారిది?"

"అరవకు, పండగపూట."

"పండగపూట మీ మొహానికి నేను పడగ గీస్తే ఊరుకుంటారా?"

"మొగుడితో అదేం మాటే?" అంది మాణిక్యమ్మ.

"మీరు ముందు ఆ గుడ్డు తియ్యండి పిన్నీ, సొన కారుతోంది!"

అప్పుడే వచ్చిన అబ్దుల్లా పాతగుడ్డతో మెల్లగా అద్ది చూశాడు. "పాలు పోతాయి గానీ అమ్మగారూ, పసుపు రంగులో కలిసిపోయింది. గట్టిగా తుడిస్తే తల కూడా ఊడొస్తుంది."

"స్వామిని తుడుస్తావా!" అని ఆడవాళ్లంతా ఒక్కసారి లేచారు.

"పోన్లెండి," అని జగన్నాథరావు తీర్పు చెప్పాడు. "పామును గోడకెవరు తగిలిస్తారని ఇన్నాళ్లూ నేనే అన్నాను. ఇప్పుడు దేవుడి గదిలో పెట్టుకుందాం. ఇంట్లోనే ఉంటుంది."

శివపార్వతి జుట్టు ముడేసుకుంది. భర్త, అత్తగారు, పిల్లలిద్దరూ తన వైపు చూసేదాకా ఆగి, గొంతు పెంచకుండా చెప్పింది.

"బొమ్మ ఇంట్లోనే ఉంటుంది. నేను వెళ్తాను. ప్రదర్శనకింకా పదిరోజులుంది. విజయవాడలో మా అక్కవాళ్లింట్లో కూర్చుని ఇంకోటి గీసి ఇస్తాను. అబ్దుల్లా గారూ, బస్సులో నాకో సీటుకి తువ్వాలు వేసి ఉంచండి."

"పదిరోజులేగా?" అన్నాడు జగన్నాథరావు.

కార్తీకమాసం చలిలో సర్దుకున్న పెట్టెలో ఆమె ఎండాకాలం చీరలు కూడా పెట్టుకుంది.