పండు వాళ్లకి, తొక్క నాకు

ఇంట్లో అందరికంటే చివర తినే ఆడదే అందరికంటే అదృష్టవంతురాలు! నవ్వకండి, సైన్సే చెప్పింది. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని, సొంతంగా చెప్పే ధైర్యం నాకెక్కడిది?

సంగతేమిటంటే, మా క్రిస్టినాకి నాలుగేళ్లు. ఎత్తుకున్నప్పుడల్లా నా మణికట్టు కలుక్కుమంటోంది. పిల్లని ఎక్కడ జారవిడుస్తానో అని భయమేసి, మా వీధి చివర పెట్టిన ఎముకల క్యాంపుకి వెళ్లాను. మడమకి ఏదో మిషను తగిలించి చూశారు.

"ముప్పై ఏళ్లకే ఎముకలు ఇంత పలచబడ్డాయేంటమ్మా? ఏం తింటున్నావు?" అన్నారు డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపు, నాతో వచ్చిన మా ఆయన జయపాల్ అందుకున్నారు. "అన్నీ తింటుందండీ!"

పాలు తాగి, గుడ్లు, ఆకుకూరలు తినమన్నారావిడ. రంగురంగుల పళ్లు కూడా తినాలట. వాటిల్లో యాంటీ ఆక్సిడెంట్లుంటాయట, ఎముకకి అవీ కాస్త కాపలా కాస్తాయట.

ఇంటికొచ్చి ఆలోచిస్తే మా ఆయన అబద్ధమేమీ ఆడలేదు. అన్నీ తింటాను! యాపిల్ కోస్తే మంచి ముక్క పాపకి, మెత్తటిది పళ్లు కదిలే అత్తయ్యకి, పెద్దది ఆయనకి, తొక్క నాకు. మామిడిపండైతే టెంక నాకు. చేపల పులుసులో తోక ముక్క నాకు. దాన్నిండా ముళ్లే, అంటే కాల్షియమే కదండీ! దానిమ్మకాయ అరగంట కూర్చుని ఒలుస్తాను. గింజలు గిన్నెలోకి, రంగు నా వేళ్లకి. ఎముకలకి అంత దగ్గరగా మందు పట్టించుకునే భాగ్యం ఎవరికుంది చెప్పండి?

అంతలో ఫోన్లో ఒక వీడియో వచ్చింది. యాపిల్‌లో యాంటీ ఆక్సిడెంట్లు గుజ్జులో కంటే తొక్కలోనే ఎక్కువట!

నా కళ్లు చెమర్చాయి. పామర్రులో మా అమ్మ, ఆవిడకి ముందు మా అమ్మమ్మ, ఏ లాబొరేటరీ లేకుండానే ఇది కనిపెట్టేశారన్నమాట! సత్తువంతా తమకి ఉంచుకుని, పనికిరాని గుజ్జు మొగుళ్లకీ పిల్లలకీ పంచిపెట్టారు. ఎంత స్వార్థం! మరి నా ఎముకలెందుకు పలచబడ్డాయంటారా? ఆ మిషను పాతదై ఉంటుంది.

ఆ సంతోషం కడుపులో దాచుకోవాల్సింది. నా నోరు ఊరుకుంటుందా? మధ్యాహ్నం అన్నాల దగ్గర వాగేశాను.

మా అత్తయ్య సంపూర్ణమ్మగారు ముద్ద కలుపుతున్నావిడల్లా ఆగిపోయారు. "ఏమ్మా, అయితే ఇన్నాళ్లూ బలమంతా నువ్వే లాగించేస్తున్నావా?"

"అదేంటత్తయ్యా, మీరెవరూ తినరని..."

"తినరని అడక్కుండానే అనుకున్నావా?" అన్నారు మా ఆయన. "ఇకనుంచి తొక్క తియ్యకు."

చూశారా! ఇన్నేళ్ల కాపురంలో నా కంచంలోకి తొంగిచూడని మనిషి, ఒక్కసారిగా అందులో ఏముందో కనిపెట్టేశారు.

ఆ రోజు నుంచీ యాపిల్ తొక్కతోనే కోస్తున్నాను. అత్తయ్యకి బీరతొక్కు పచ్చడి వెన్నలా నూరాలి. ఆయనకి దానిమ్మ తొక్క ఎండబెట్టి, పొడి కొట్టి, టీలో కలపాలి. క్రిస్టినా కూడా నా వైపు వేలు చూపించి, "నానమ్మా, అమ్మ తొక్క తింటోంది!" అని అరుస్తోంది. విజ్ఞానం గడపగడపకీ చేరాలంటారు. మా గడపకి చేరింది. వంటింటిదాకా వచ్చేసరికి అయిపోయింది.

ఇక నాకు మిగిలిందేమిటి? ఎటూ మణికట్టు నొప్పి ఉంది, దాంట్లో ఎవరూ వాటా అడగడం లేదు.

మొన్న పాపని స్కూల్లో దింపి వస్తూ గుణదల కొండ కింద జామకాయల బండి దగ్గర ఆగాను. బండి, మేం ఎప్పుడూ పళ్లు కొనే రావమ్మగారిది.

"ఎన్ని కేజీలమ్మాయ్?"

"ఒక్క కాయండీ."

"ఒక్కటేనా? మీ ఇంట్లో నలుగురున్నారుగా, ఎట్టా పంచుతావే?"

"పంచనండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. బాగా పండిన కాయ ఏరి, నాలుగు చెక్కలు కోసి, ఉప్పూకారం చల్లి చేతిలో పెట్టారు.

నమ్ముతారో నమ్మరో! మొదటి చెక్క తీసుకుని, ఇదెవరికివ్వాలా అని చుట్టూ చూశానండీ. ఎవరూ లేరు. రెండో చెక్కకీ చూశాను.

మూడో చెక్కకి చూడలేదు.